ఎయిర్ ఫ్రయర్ కొనాలా, గుంత పెనంతో సరిపెట్టుకోవాలా?

ఎంవీపీ_అమ్మ:
అందరికీ నమస్కారం. ఎయిర్ ఫ్రయర్ మీద మా ఇంట్లో పంచాయితీ నడుస్తోంది, వాడినవాళ్లు చెబితే తేల్చుకుంటాను. పిల్లలిద్దరూ సాయంత్రం బస్సు దిగేసరికి ఆవురావురుమంటూ వస్తారు. బిస్కెట్లు, చిప్స్, లేదంటే సందు చివర బండి మీద పునుగులు. అత్తయ్యగారికి షుగర్ ఉంది, మావారికి కొలెస్ట్రాల్ కాస్త ఎక్కువని డాక్టరు అన్నారు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆరు దాటుతుంది కాబట్టి ఏం కొన్నా అత్తయ్యగారు వాడగలిగేలా ఉండాలి. బడ్జెట్ 6 వేలు. వంటగట్టు మీద మిక్సీ, రైస్ కుక్కర్, వాటర్ ఫిల్టర్ పోను మిగిలింది రెండడుగుల జాగా. కొన్నాక అటక ఎక్కేదైతే నాకొద్దు.

పోపులడబ్బా:
కళ్లు మూసుకుని కొనెయ్యండి. మా ఇంట్లో బెండకాయ, దొండకాయ, కాకరకాయ వేపుళ్లన్నీ ఇప్పుడు అందులోనే. బెండకాయలు కడిగి, గుడ్డతో తడి లేకుండా తుడిచి, ముక్కలు కోసి, ఒక చెంచా నూనె పట్టించి 180 డిగ్రీల్లో పెట్టండి. ఐదారు నిమిషాలకోసారి బుట్ట బయటికి లాగి ఒకసారి కుదిపి మళ్లీ తోసెయ్యడమే. పావుగంటలో జిగురు లేకుండా కరకరలాడతాయి. ఉప్పు, కారం, వేయించిన పల్లీలు బయటికి తీశాకే చల్లుకోవాలి. ముందే ఉప్పు వేస్తే నీరు వదిలి మెత్తబడతాయి. బాణలిలో చేస్తే ఇదే వేపుడికి గరిటెడు నూనె పడుతుంది, పొయ్యి దగ్గర నిలబడి కలుపుతూ ఉండాలి.

కత్తిపీట:
ఆవిడ అడిగింది సాయంత్రం పూట పిల్లలకి పెట్టే పునుగుల గురించి. మీరు మధ్యాహ్నం అన్నంలోకి వేపుడు చెబుతున్నారు.

పునుగులు, బజ్జీలు, గారెలు లాంటివేవీ ఎయిర్ ఫ్రయర్‌లో రావండి. తడి పిండి పడీ పడగానే పైన గట్టిపడాలంటే చుట్టూ కాగిన నూనె ఉండాలి. అందులో ఉండేది వేడి గాలి. జారు పిండి బుట్ట చిల్లుల్లోంచి కిందికి కారిపోతుంది, పైన మిగిలింది ఎండిపోతుంది. పేరులో ఫ్రయర్ అని ఉంది గానీ అదొక చిన్న ఓవెన్, లోపల గట్టి ఫ్యాన్ బిగించారు, అంతే. 2010లో ఫిలిప్స్ వాళ్లు ఐరోపాలో అమ్మకానికి పెట్టినప్పటి నుంచీ అది బాగా చేసేవి బంగాళాదుంప ముక్కలు, చికెన్ ముక్కలు. మన మిర్చి బజ్జీ సంగతి దానికి తెలీదు.

గుంత పెనం కొనుక్కోండి. ఎయిర్ ఫ్రయర్ ఖరీదులో పదో వంతు కూడా ఉండదు. ఇడ్లీ పిండి మిగిలితే ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర, కాస్త అల్లం తరిగి కలిపి, గుంటకి నాలుగు చుక్కల నూనె వేసి మూత పెడితే చాలు. పిల్లలు పునుగులనే తింటారు, అడగరు కూడా.

ఎంవీపీ_అమ్మ:
మా పెద్దది అడుగుతుంది కత్తిపీట గారూ, దాని నోటికి భయపడే ఈ ప్రశ్న ఇక్కడ పెట్టాను 😄

ఉక్కునగరం_తాతయ్య:
అమ్మా, ఏది కొన్నా ముందు ప్లగ్గు చూసుకో. చాలా ఎయిర్ ఫ్రయర్లు 1400, 1500 వాట్లు లాగుతాయి. మన వంటగట్టు మీద మిక్సీకి పెట్టే చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. 230 వోల్టుల లెక్కన అది మోయగలిగేది 1380 వాట్లు. అందుకే వాటికి 16 ఆంపియర్ల పెద్ద పిన్ను ఇస్తారు. జనం ఏం చేస్తారంటే బజార్లో కన్వర్టర్ ముక్క ఒకటి కొని, పెద్ద పిన్నుని చిన్న సాకెట్‌లోకి దూరుస్తారు. అది చాలదన్నట్టు అదే ఎక్స్‌టెన్షన్ బాక్సులో రైస్ కుక్కర్ కూడా. కొన్నాళ్లకి సాకెట్ చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరుగుతుంది, కాలిన వాసన వస్తుంది. ఫ్లాట్ పాతదైతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి గట్టు దగ్గర పవర్ పాయింట్ వేయించుకో. ఆ ఖర్చు కూడా నీ 6 వేల్లోనే లెక్క కట్టుకో.

కరెంటు బిల్లుకి మాత్రం భయపడక్కర్లేదు. 1500 వాట్లది 20 నిమిషాలు ఆగకుండా నడిచినా అర యూనిట్. మధ్యమధ్యలో అదే ఆగుతూ వెలుగుతూ ఉంటుంది కాబట్టి ఇంకా తక్కువే.

పోపులడబ్బా:
తాతగారు చెప్పింది నిజం. మాది కొత్త ఫ్లాట్, పవర్ పాయింట్ ముందే ఉంది, అందుకే ఆ సంగతి నాకు తట్టలేదు.

మద్దిలపాలెం_రూమ్మేట్:
మా రూంలో ఉన్నది ఒకే ఒక్క రైస్ కుక్కర్ అండి. నలుగురం ఉంటాం. అందులోనే అన్నం, అందులోనే గుడ్లు, పైన చిల్లుల పళ్లెం పెట్టి చిలగడదుంపలు. పల్లీ కాయలు ఉప్పునీళ్లలో వేసి స్విచ్ నొక్కి చదువుకోడానికి కూర్చుంటాం. టక్‌మంటే తినడమే. దీన్ని మించిన హెల్దీ స్నాక్ ఏముంది చెప్పండి.

ఉక్కునగరం_తాతయ్య:
టక్‌మనేది ఎందుకో తెలుసా బాబూ? గిన్నెలో నీళ్లున్నంతసేపు వేడి 100 డిగ్రీల దగ్గరే నిలబడుతుంది. నీళ్లు ఇగిరిపోగానే అడుగు వేడి పైకెక్కుతుంది. గిన్నె కింద ఒక అయస్కాంతం ఏర్పాటు ఉంటుంది, ఆ వేడికి పట్టు వదిలేస్తుంది, మీట టక్‌మంటుంది. కాబట్టి పల్లీలకి నీళ్లు ఎక్కువ పోస్తే అది ఎంతకీ టక్‌మనదు, నువ్వు చదువుతూనే ఉంటావు. మీ నాన్నగారికి సంతోషమే అనుకో.

మద్దిలపాలెం_రూమ్మేట్:
😂 పరీక్షలప్పుడు లీటరు పోస్తాను తాతగారూ.

చోడి_అంబలి:
మాది పాడేరు పక్కన ఊరు, ఇప్పుడు గోపాలపట్నంలో ఉంటున్నాం. పిల్లల స్నాక్ అంటే మైదా, ఓట్స్ దగ్గరే ఎందుకు తిరుగుతారో నాకు అర్థం కాదు. చోళ్లు, అదే రాగులు, ఇంత దగ్గర్లో పండుతున్నాయి. 100 గ్రాముల చోళ్లలో కాల్షియం దాదాపు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. అదే బరువు పాలలో ఉన్నదానికి రెట్టింపు పైమాటే. చోడిపిండిలో ఉల్లిపాయ, మునగాకు, పచ్చిమిర్చి, గుప్పెడు నువ్వులు వేసి, పుల్లటి మజ్జిగతో కలిపి అరగంట నానబెట్టండి. కత్తిపీట గారు చెప్పిన గుంత పెనంలోనే పోసుకోవచ్చు. ఉత్త చోడిపిండి అయితే లోపల బంకగా ఉంటుంది, మూడో వంతు ఇడ్లీ పిండి కలిపితే గుల్లగా వస్తాయి. ఎండాకాలం పిల్లలు వచ్చేసరికి అంబలి చల్లగా కలిపి పెట్టండి, మజ్జిగ, పచ్చి ఉల్లిపాయ ముక్కలతో.

గ్లాసుడు_మజ్జిగ:
నేను డైటీషియన్‌గా పనిచేస్తాను. చోళ్ల మీద ఒక్క మాట. పిల్లలకి బంగారం లాంటి తిండి, ఒప్పుకుంటాను. అత్తయ్యగారికి షుగర్ ఉందన్నారు కాబట్టి ఆవిడకి మాత్రం జావ, అంబలి గ్లాసుల కొద్దీ ఇవ్వకండి. చోళ్లయినా సామలైనా సగం కంటే ఎక్కువ పిండిపదార్థమే. పిండి పట్టించి, పలచగా కాచి తాగితే త్వరగా అరిగి షుగర్ త్వరగా పెరుగుతుంది. అదే పిండి రొట్టెగా చేసి, పక్కన పప్పో కూరో పెట్టుకుని తింటే అంత దూకుడు ఉండదు. మిల్లెట్స్ అనగానే షుగర్ వాళ్లకి ఎంతైనా తినొచ్చని ఒక నమ్మకం ఏర్పడిపోయింది, అదే నాకు రోజూ తలనొప్పి.

ఆవిడకి సాయంత్రం పూట గుగ్గిళ్లు మంచివి. నల్ల శనగలు, బొబ్బర్లు, పెసలు, ఏవైనా సరే. పొద్దున్నే నానబోసి, కుక్కర్లో ఉప్పు వేసి ఉడికించి, చెంచా నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెట్టి, పైన పచ్చి కొబ్బరి కోరు కాస్త. పళ్లు గట్టిగా ఉంటే ఉడికించిన శనగల్ని తడి ఆరాక ఎయిర్ ఫ్రయర్‌లో 190 డిగ్రీల్లో పావుగంట పెట్టొచ్చు, పిల్లలు చిప్స్ మర్చిపోతారు.

మొలకలు కూడా మంచివే గానీ మన విశాఖలోని ఉక్కపోతకి డబ్బాలో రెండో రోజుకే జిగట వచ్చి వాసన తిరుగుతాయి. పూటకోసారి కడగాలి, తినే ముందు ఆవిరి మీద ఐదు నిమిషాలు ఉంచాలి. పిల్లలకీ పెద్దవాళ్లకీ పచ్చివి పెట్టకండి.

లాసన్స్‌బే_గాలి:
ఉక్క గురించి ఎవరూ ఎత్తలేదేంటా అనుకుంటున్నాను. హైదరాబాద్ వాళ్లు రాసిన రివ్యూలు చదివి ఇక్కడ వస్తువులు కొనకూడదు. సముద్రపు గాలికి మా ఇంట్లో ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) లోపలి కమ్మీలు, మిక్సీ అడుగు స్క్రూలు, చివరికి జంతికల గొట్టం తిప్పుడు కూడా తుప్పు పట్టాయి. ఇనప పెనం కడిగి వదిలేస్తే తెల్లారేసరికి ఎర్ర పొడి. కడగ్గానే స్టవ్ మీద వేడి చేసి, తడి పూర్తిగా ఆరాక చుక్క నూనె రాసి పెట్టాలి. ఎయిర్ ఫ్రయర్ కూడా అంతే, వాడాక బుట్ట కడిగి, ఆరబెట్టి, ఖాళీగా రెండు నిమిషాలు నడిపి మూసెయ్యండి. బుట్టకి ఉన్న పూతని స్టీలు పీచుతో మాత్రం తోమకండి, ఊడిపోతుంది.

ఇంకో సంగతి. మా ఇంట్లో ఎయిర్ ఫ్రయర్‌కి అసలు ఉద్యోగం వేరే. సంక్రాంతికి చేసిన జంతికలు, చేగోడీలు డబ్బా మూత నాలుగుసార్లు తీసేసరికి మెత్తబడతాయి కదా. 150 డిగ్రీల్లో మూడు నాలుగు నిమిషాలు పెట్టి, చల్లారనిస్తే మళ్లీ కరకరలాడతాయి. వేడి మీద చూసి ఇంకా మెత్తగానే ఉన్నాయని మళ్లీ పెట్టకండి, మాడిపోతాయి. చల్లారాకే గట్టిపడతాయి.

కత్తిపీట:
ఇదేదో ఒప్పుకోవాల్సిన విషయమే. అయినా జంతికలు వేడి చేసుకోడానికి 5 వేలు పెట్టాలా?

పోపులడబ్బా:
మీరు ఒప్పుకున్నారు, ఈ రోజు వాన పడుతుంది.

హార్బర్_పిల్లి:
చేపల సంగతి ఎవరూ చెప్పరా? విశాఖలో ఉండి బెండకాయల గురించి ఇంత చర్చా? వంజరం ముక్కలు కడిగి, తడి పూర్తిగా తుడిచి, పసుపు, ఉప్పు, కారం, అల్లంవెల్లుల్లి, నిమ్మరసం, చెంచాడు బియ్యప్పిండి పట్టించి అరగంట ఉంచండి. 200 డిగ్రీల్లో పన్నెండు నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పాలి. ముక్క లోపల ఎండదు, స్టవ్ చుట్టూ నూనె చిట్లదు. కవళ్లకైతే పైన నూనె రాయక్కర్లేదు, వాటి ఒంట్లోదే చాలు. నెత్తళ్లు మాత్రం అందులో వద్దు, బుట్ట చిల్లుల్లో ఇరుక్కుని విరిగిపోతాయి, వాటికి బాణలే. తర్వాత బుట్టలో వేడినీళ్లు, నిమ్మ చెక్క వేసి కాసేపు ఉంచితే వాసన పోతుంది. శాకాహారులైన అత్తగార్లున్న ఇళ్లలో ప్రయత్నించకండి, బాధ్యత నాది కాదు.

ఎంవీపీ_అమ్మ:
మా అత్తయ్యగారే ముందు చేపలడుగుతారు, ఆ భయం లేదు. ఈ పోస్టులన్నీ ఆవిడకి చదివి వినిపించాను. శ్రీకాకుళం మనిషి. "గాలితో వేపడవేటే, గాలికి వడియాలు ఎండుతాయి గానీ వేగుతాయా?" అన్నారు. ఆవిడకి ఆ ఇంగ్లీషు అక్షరాల టచ్ బటన్లంటే టెన్షన్. తిప్పే మరలున్నది దొరుకుతుందా? ఇంకో ప్రశ్న, అత్తయ్యగారు పల్లీలు ప్రెషర్ కుక్కర్లో ఉడికిస్తానంటారు, నేను ఇంట్లో లేనప్పుడు కుక్కర్ పెట్టనివ్వాలంటే నాకు భయం.

పోపులడబ్బా:
రెండు మరలున్నవి ఉన్నాయండి, ఒకటి వేడికి, ఒకటి టైముకి. వాటి ధర కూడా తక్కువే. 180 దగ్గర, పావుగంట దగ్గర ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టెయ్యండి, మా అమ్మ అలాగే వాడుతుంది.

ఉక్కునగరం_తాతయ్య:
కుక్కర్‌కి భయపడటం మంచిదే గానీ ఎక్కడ భయపడాలో తెలిస్తే చాలు. ఐఎస్ఐ మార్కు లేనిది ఇంట్లోకి తేవద్దు. కుక్కర్‌కి వర్తించే ప్రమాణం ఐఎస్ 2347, ఆ అంకె మార్కు పైన ఉంటుంది, చూసుకో. లోపల మామూలు పీడనానికి పైన ఇంకో అంత పీడనం చేరుతుంది, అందుకే నీళ్లు 100 దగ్గర ఆగకుండా 120 డిగ్రీల దాకా పోతాయి, పప్పు త్వరగా ఉడుకుతుంది. దాన్ని మూడింట రెండు వంతులకి మించి నింపకూడదు. పప్పు, శనగలు, పల్లీలు లాంటివి పొంగుతాయి, పొట్టు లేస్తుంది, కాబట్టి సగం దాటకూడదు. ఆ పొట్టే వెయిట్ పెట్టే గొట్టంలో అడ్డం పడుతుంది. మూత పెట్టే ముందు ఆ గొట్టంలోంచి వెలుతురు కనిపిస్తోందో లేదో ఒకసారి కన్ను పెట్టి చూడమని ఆవిడకి చెప్పు. గాస్కెట్ సాగిపోయి పక్కల నుంచి ఆవిరి పోతుంటే ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ వాడటం, గుడ్డ చుట్టడం, ఈ తంటాలు వద్దు, కొత్తది కొనెయ్యండి. ఆవిరి పూర్తిగా పోకుండా మూత లాగకూడదు. ఇంతే.

గోపాలపట్నం_కోడలు:
అంత బెంగ అయితే కుక్కరే అక్కర్లేని పని చెబుతాను అక్కా. ఆవిరి కుడుము. పొట్టు మినప్పప్పు రుబ్బి, గిన్నె మూతికి తడి గుడ్డ కట్టి, దాని మీద పిండి పోసి, పైన మూత బోర్లించి ఉడికించడమే. చుక్క నూనె లేదు. అల్లం పచ్చడితో పెద్దవాళ్లకి, బెల్లం పాకంతో పిల్లలకి. అనకాపల్లి బెల్లం పక్కనే ఉండగా చాక్లెట్ సాస్ ఎందుకు? పిండి మాత్రం బాగా నలగాలి. మిక్సీలో వేసేటప్పుడు ఫ్రిజ్ నీళ్లు పొయ్యండి, మధ్యమధ్యలో ఆపండి. జార్ వేడెక్కితే పిండి గుల్ల రాదు, కుడుము పీటలా వస్తుంది.

గ్లాసుడు_మజ్జిగ:
బెల్లం కూడా చక్కెర ఖాతాలోదే అమ్మా, ధార కట్టకండి. మిగతాదంతా ఓకే.

కత్తిపీట:
రుబ్బడం గురించి ఎత్తారు కాబట్టి చెబుతున్నా. 6 వేలు చేతిలో ఉంటే నేను కొనేది చిన్న వెట్ గ్రైండర్. ఈ చర్చలో వచ్చినవన్నీ చూడండి, గుంత పునుగులు, ఆవిరి కుడుము, ఇడ్లీ, దిబ్బరొట్టె, అన్నింటికీ మూలం మంచి పిండి. ఆదివారం ఒకసారి రుబ్బి ఫ్రిజ్‌లో పెడితే వారం మధ్య దాకా పిల్లల సాయంత్రాలు గడిచిపోతాయి. గ్రైండర్‌లో రాయి నెమ్మదిగా తిరుగుతుంది, పిండి వేడెక్కదు, అదే పప్పుకి మిక్సీ కంటే పిండి ఎక్కువ వస్తుంది. దాంతో పాటు గుంత పెనం, తాడు లాగితే ఉల్లిపాయలు తరిగే ఆ చిన్న డబ్బా. బీచ్‌లో తినే మురీ (మరమరాల) మిక్స్చర్ ఇంట్లో ఐదు నిమిషాల్లో అయిపోతుంది: ఉల్లి, టమాటా, పచ్చిమిర్చి డబ్బాలో నాలుగు లాగులు, మురీలు, వేయించిన పల్లీలు, నిమ్మకాయ. కలిపిన వెంటనే తినెయ్యాలి. ఆ డబ్బా లోపలి కత్తి మాత్రం చాలా పదును, పిల్లల్ని కడగనివ్వకండి.

హుద్‌హుద్ తుపాను అప్పుడు, 2014 అక్టోబరులో, రోజుల తరబడి కరెంటు లేక మా అపార్ట్‌మెంట్ మొత్తం కింద వాచ్‌మన్ వాళ్ల రోలు దగ్గర క్యూ కట్టింది. అందుకని రోలు కూడా ఒకటి పడేసి ఉంచుకోండి అంటాను గానీ, రెండడుగుల గట్టు ఉన్నావిడకి ఆ సలహా ఇస్తే కొడతారు.

లాసన్స్‌బే_గాలి:
చిన్న గ్రైండరైనా ఆ రాళ్లు ఎత్తి కడగడం అత్తయ్యగారి వయసుకి కష్టం. అది వీళ్లే ఆదివారం చేసుకోవాలి.

ఎంవీపీ_అమ్మ:
ఆదివారం గ్రైండర్ మావారికి అప్పగిస్తాను, కొలెస్ట్రాల్ ఆయనదే కదా. గుంత పెనం, లాగుడు డబ్బా రేపే తెస్తాను. ఎయిర్ ఫ్రయర్ సంగతి పవర్ పాయింట్ వేయించాక చూద్దాం, పండక్కి ఆఫర్లు వస్తాయి కదా. అందరికీ చాలా థాంక్స్.

గోపాలపట్నం_కోడలు:
ఆ లాగుడు డబ్బాలో పనసపొట్టు వస్తుందా ఎవరైనా చేశారా? రైతుబజార్ బయట కొట్టించుకుంటే కత్తి, చెక్క ఎలా ఉన్నాయో చూసి మనసొప్పడం లేదు.

కత్తిపీట:
రాదమ్మా. పనస పాలకి కత్తి, తాడు అంటుకుపోయి డబ్బా పాడవుతుంది. ఫుడ్ ప్రాసెసర్ ఉంటే తురిమే బిళ్ల వేసి చెయ్యొచ్చు. చెక్కు తీసి, పెద్ద ముక్కలు కోసి, చేతులకీ బిళ్లకీ నూనె రాసుకుని, ముక్కల్ని కాసేపు పసుపు నీళ్లలో ఉంచి తీసి తురమండి. మిక్సీ జార్లో కూడా చెయ్యొచ్చు గానీ నీళ్లు పొయ్యకుండా, బటన్ పట్టి వదులుతూ, కొంచెం కొంచెంగా. ఒక్క క్షణం ఎక్కువ తిప్పితే పొట్టు ముద్దయిపోతుంది.

గోపాలపట్నం_కోడలు:
థాంక్స్ పిన్నీ. ఇంకొక్కటి అడిగేస్తాను. కూర అంతా బాగానే వస్తుంది, ఆవ పెట్టేసరికి చేదు వచ్చేస్తుంది. మా అమ్మ రోట్లో నూరితే రాదు, నేను మిక్సీలో వేస్తే వస్తుంది.

చోడి_అంబలి:
ఆవాలు మాడేలా వేయిస్తున్నావేమో?

గోపాలపట్నం_కోడలు:
లేదు అన్నా, పచ్చివే.

కత్తిపీట:
మిక్సీ వేడికే అది. ఆవాల ఘాటు నీళ్లు తగిలి నలిగాకే పుడుతుంది, వేడి తగిలితే పోతుంది, చేదు మిగులుతుంది. ఆవాలు పావుగంట చల్లటి నీళ్లలో నానబెట్టు. చిన్న జార్లో ఆవాలు, ఎండుమిర్చి, ఉప్పు, పిసరంత చింతపండు వేసి, చల్లటి నీళ్లతో ఆపి ఆపి తిప్పు, జార్ గోడ తాకి చూస్తే గోరువెచ్చగా కూడా ఉండకూడదు. పది నిమిషాలు మూత పెట్టి వదిలెయ్. కూర దించి, ఆవిరి తగ్గాక, చెంచా నూనెతో కలిపి పట్టించు. స్టవ్ మీద ఉండగా ఆవ వేస్తే ఎవరు నూరినా చేదే.